తెల్లనివన్నీ పాలు కావు: ప్రభుత్వ సేవల పేరిట డబ్బు గుంజే వెబ్‌సైట్లతో జాగ్రత్త



పాల కేంద్రానికి క్యాను రాగానే మన టెస్టరు ఏమి చేస్తాడో మీ అందరికీ తెలుసు. రంగు చూసి పాలు పోయించుకోడు. ముందు వాసన చూస్తాడు. లాక్టోమీటరు వేస్తాడు. వెన్న శాతం తీస్తాడు. ఆ తరువాతనే అంకె వ్రాసి స్లిప్పు చేతికిస్తాడు. పోసినవారు సొంత బావమరిది అయినా ఈ వరుస తప్పదు. తెల్లనివన్నీ పాలు కావని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంత జాగ్రత్త తెలిసిన మనమే, ఫోనులో ఒక ప్రభుత్వ పని చేసుకోవలసి వచ్చినప్పుడు రంగు చూసి మోసపోతున్నాము. మూడు సింహాల గుర్తు, జెండా రంగులు, పైన ఒక పథకం పేరు కనిపిస్తే చాలు, అది ప్రభుత్వ వెబ్‌సైటే అనుకొని పేరు, ఆధారు నంబరు, బ్యాంకు వివరాలు నింపి, అడిగినంత డబ్బు కడుతున్నాము. కొన్ని సందర్భాల్లో ఆ పనికి ప్రభుత్వం తీసుకునే ఫీజు చాలా స్వల్పం. మరికొన్నింటికి అసలు ఫీజే లేదు. ఈ విషయాన్ని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల సంఘాల సభ్యులకు వివరంగా తెలియజెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

పాత దళారి, కొత్త వేషం

మన సహకారోద్యమం పుట్టిందే దళారిని తొలగించడానికి. 1946లో గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు తమ పాలకు సరైన ధర ఇవ్వని మధ్యవర్తులను కాదని సొంత యూనియను పెట్టుకున్నారు. అదే నేటి అమూల్‌కు మూలం. పోసేవానికీ తాగేవానికీ మధ్య ఉన్నవాడు ఎంత తింటున్నాడో లెక్క తెలిసిన రోజే రైతు కళ్ళు తెరిచాడు.

ప్రభుత్వ కార్యాలయాల దగ్గర కూడా అటువంటి మధ్యవర్తులు ఎప్పుడూ ఉన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత అందుకే పుట్టింది. దరఖాస్తు కాగితం ఉచితమైనా, దానిని అమ్మేవాడు బయట చెట్టు కింద కూర్చుంటాడు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఏమి జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫారం ఉచితమని ప్రభుత్వం చెప్పింది. అయినా జిరాక్సు దుకాణాల్లో వాటిని డబ్బుకు అమ్మారు. కొనవద్దని అధికారులు ప్రకటించవలసి వచ్చింది.

సేవలు ఫోనులోకి రావడంతో ఆ చెట్టు కింది మనిషి కూడా ఫోనులోకి వచ్చాడు. అయితే ఒక తేడా ఉన్నది. చెట్టు కింది మనిషిని చూస్తే అతడు ఆఫీసు ఉద్యోగి కాడని మనకు తెలిసేది. ఫోనులోని మనిషి ఆఫీసు వేషం వేసుకొని, ఆఫీసు బోర్డు తగిలించుకొని కూర్చుంటాడు. తేడా పోల్చడం కష్టమయింది అక్కడనే.

ఈ సైట్లు పనిచేసే తీరు

ఏదైనా పని కోసం మనం గూగుల్‌లో ఆ పేరు కొట్టి వెదుకుతాము. వచ్చిన జాబితాలో అన్నిటికంటే పైన కనిపించేవి చాలాసార్లు ప్రకటనలు. డబ్బు చెల్లించినవారికి ఆ చోటు దొరుకుతుంది. వాటి పక్కన ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. మనం అది చదవకుండా మొదటి పేరు మీద వేలు పెడతాము. ప్రభుత్వ సేవల పేరుతో ప్రకటనలు ఇచ్చేవారిపై 2020 నుంచి గూగుల్ సంస్థే కొన్ని ఆంక్షలు పెట్టింది. అయినప్పటికీ పైన ఉన్నదే అసలుదనుకోవడం క్షేమం కాదు. సంతలో ముందువరుసలో కట్టిన పశువే మంచి పశువని ఎవరైనా అనుకుంటారా?

ఇటువంటి సైట్లను మనం మూడు రకాలుగా విడదీసి చూడవచ్చు.

మొదటి రకం, తాము ప్రైవేటు సంస్థ అని స్పష్టంగా చెప్పి, ఫారం నింపిపెట్టడానికి తమ ఛార్జీ ఇంత అని చెప్పేవారు. ఇది మోసం కాదు. ఆడిటరుకు ఇచ్చినట్టే వీరికీ ఇస్తాము. అవసరమా కాదా అన్నది మన ఇష్టం.

రెండవ రకం అసలు చిక్కు. వీరు ప్రభుత్వ పథకం పేరునే తమ పేరులో కలుపుకుంటారు. ప్రభుత్వ సైటు పోలికతోనే ఫారం పెడతారు. తాము ప్రభుత్వ సంస్థ కాదన్న మాట పేజీ అట్టడుగున, సన్నని అక్షరాలతో, అదీ ఇంగ్లీషులో ఉంటుంది. డబ్బు తీసుకున్న తరువాత నిజంగానే ప్రభుత్వ సైటులో మన దరఖాస్తు నింపుతారు కూడా. కాగితం చేతికి వస్తుంది కనుక మోసపోయినట్టు చాలామందికి తెలియదు. ఉచితంగా అయ్యే పనికి వేలు కట్టామన్న సంగతి పక్కింటివారు చెప్పినప్పుడు బయటపడుతుంది.

మూడవ రకం పచ్చి దొంగలు. వీరి దగ్గర పని జరగదు, డబ్బు రాదు. కొందరు ఫీజుతో ఆగరు. మన వివరాలు, ఓటీపీ తీసుకొని బ్యాంకు ఖాతానే ఖాళీ చేస్తారు.

రెండవ రకం వల్ల ఎంత నష్టమో పాల లెక్కలో చూద్దాము. 100 రూపాయల పనికి ఒక సైటు 2,000 రూపాయలు తీసుకున్నదనుకుందాం. అదనంగా పోయినది 1,900. లీటరుకు 50 రూపాయలు వస్తాయనుకుంటే అది 38 లీటర్ల పాలు. రోజుకు 8 లీటర్లు పోసే ఇంటికి దాదాపు ఐదు రోజుల కష్టం. మేత కోసి, దాణా పెట్టి, తెల్లవారుజామున లేచి పిండిన పాలు అవి. ఒక్క వేలి నొక్కుతో పోతాయి.

ఇవి జరిగిన సంగతులే

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక ఉదాహరణ చెబుతాము. 2023 డిసెంబరు చివరలో పెండింగు ట్రాఫిక్ చలానాలపై ప్రభుత్వం రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు 80 శాతం తగ్గింపు. పాల క్యాన్లు కట్టుకొని తిరిగే మోటారు సైకిళ్ళ యజమానులు ఎందరో దాని కోసం ఫోను తెరిచారు. అదే సమయంలో దొంగ సైటు ఒకటి పుట్టుకొచ్చిందని, అందులో డబ్బు కట్టవద్దని పోలీసులు హెచ్చరించారు. అసలు సైటు ‘ఇచలాన్ డాట్ టీఎస్‌పోలీస్ డాట్ గవ్ డాట్ ఇన్’. దొంగది ‘ఇచలాన్‌టీఎస్‌పోలీస్ డాట్ ఇన్’. పోలీస్ అన్న మాట రెండింటిలోనూ ఉన్నది. ‘గవ్’ అన్న మూడక్షరాల ముక్క మాత్రం దొంగదానిలో లేదు. తేడా అంతా ఆ ముక్కలోనే ఉన్నది.

పాస్‌పోర్టుల విషయంలో విదేశాంగ మంత్రిత్వ శాఖ స్వయంగా దొంగ సైట్ల పేర్లు ప్రకటించింది. ‘ఇండియాపాస్‌పోర్ట్ డాట్ ఆర్గ్’, ‘పాస్‌పోర్ట్-ఇండియా డాట్ ఇన్’, ‘అప్లైపాస్‌పోర్ట్ డాట్ ఆర్గ్’ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అసలు సైటు ‘పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్’ ఒక్కటే. పెద్దలకు 36 పేజీల మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే మరొక 2,000. కొడుకునో కూతురినో అమెరికాకో, గల్ఫుకో పంపే ఇళ్ళు మన ప్రాంతంలో తక్కువేమీ కావు కనుక ఈ అంకెలు గుర్తుంచుకోవడం మంచిది.

ఇది మన దేశంలోని జబ్బు మాత్రమే కాదు. ఇంగ్లండులో పాస్‌పోర్టులు, డ్రైవింగు లైసెన్సుల వంటి సేవల పేరుతో నకలు సైట్లు నడిపి కోట్లాది పౌండ్లు వసూలు చేసిన కేసులో 2018లో ఆరుగురికి జైలు శిక్ష పడింది. చదువు బాగా ఉన్న దేశంలోనే ప్రజలు మోసపోయారంటే, మోసపోయిన మన సభ్యుడు సిగ్గుపడవలసిన పని లేదు.

పాడి రైతుకు నేరుగా తగిలేవి

1. ఆహార భద్రత రిజిస్ట్రేషను. పాలమ్మే ప్రతివారికీ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు కావాలని, లేకుంటే జరిమానా పడుతుందని భయపెట్టి డబ్బు తీసుకునే ఏజెంట్లు, సైట్లు ఉన్నాయి. సభ్యులు ఈ మాట ముఖ్యంగా గమనించాలి. 2011 నాటి లైసెన్సింగు, రిజిస్ట్రేషను నియమావళిలో మనకు ఒక మినహాయింపు ఉన్నది. చట్ట ప్రకారం రిజిస్టరు అయిన పాల సహకార సంఘంలో సభ్యుడై ఉండి, తన పాలు మొత్తం ఆ సంఘానికే పోసే ఉత్పత్తిదారుడు విడిగా రిజిస్ట్రేషను చేయించుకోనవసరం లేదు. అంటే ఆ సభ్యుడు కట్టే ప్రతి రూపాయి దండుగే. ‘మొత్తం’ అన్న మాట మరువకూడదు. కొంత సంఘానికి పోసి, మిగతాది హోటలుకో, అపార్టుమెంట్లకో సొంతంగా అమ్మేవారికి, ఇంట్లో పెరుగు, పనీరు చేసి అమ్మేవారికి ఈ మినహాయింపు వర్తించదు. వారు రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఆ నియమావళిలో చిన్న వ్యాపారులకు నిర్ణయించిన ఫీజు సంవత్సరానికి 100 రూపాయలు. ఫీజులు, పరిమితులు మారుతుంటాయి కనుక కట్టే రోజున ‘ఫాస్‌కాస్ డాట్ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ డాట్ గవ్ డాట్ ఇన్’ సైటులో చూసుకొని కట్టాలి. సంఘానికి సంబంధించిన లైసెన్సు సంగతి వేరు. దానిని కార్యదర్శులు యూనియను కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

2. ఉద్యమ్ రిజిస్ట్రేషను. నెయ్యి, కోవా, మిఠాయి, దాణా వ్యాపారం పెట్టుకున్న సభ్యులకు బ్యాంకు అప్పు కోసం దీని అవసరం పడుతుంది. ఇది 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్నది. దీనికి ఫీజు లేదు, కాగితాలు ఎక్కించే పని కూడా లేదు. ఏ ప్రైవేటు సంస్థకూ ఈ పని అప్పగించలేదని కేంద్ర మంత్రిత్వ శాఖ సైటులోనే వ్రాసి ఉన్నది. అయినా గూగుల్‌లో ఆ పేరు కొడితే డబ్బు అడిగే సైట్లే ముందు కనిపిస్తాయి. అసలు సైటు ‘ఉద్యమ్‌రిజిస్ట్రేషన్ డాట్ గవ్ డాట్ ఇన్’.

3. డెయిరీ లోను. నాబార్డు నేరుగా పది బర్రెలకు లోను ఇస్తున్నదని, సగం సబ్సిడీ అని, ముందుగా ప్రాసెసింగు ఫీజు కట్టాలని వచ్చే ప్రకటనలు నమ్మవద్దు. నాబార్డు రైతుకు నేరుగా అప్పు ఇవ్వదు. బ్యాంకులకు ఇస్తుంది, బ్యాంకులు మనకు ఇస్తాయి. వారు ఎక్కువగా వాడుకునే పేరు డెయిరీ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ స్కీము. అది 2010లో మొదలైన పథకం, 2020-21 నుంచి నిలిచిపోయింది. లేని పథకానికి ఫీజు కట్టించుకునేవారి ధైర్యం చూడండి. లోను కావలసినవారు తమ ఖాతా ఉన్న బ్యాంకుకో, పశువైద్యశాలకో వెళ్ళి అడగాలి.

4. పి.ఎం. కిసాన్. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలుగా వచ్చే సొమ్ము ఇది. ఇ-కేవైసీని ‘పిఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్’ సైటులో ఆధారుకు ఉన్న ఫోను నంబరుతో స్వయంగా, ఉచితంగా చేసుకోవచ్చు. ‘మీ విడత ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి’ అని వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ‘ఎపికె’ అని ఉంటుంది. అది వేసుకుంటే మన ఫోనుకు వచ్చే ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. సంఘం నుంచి పదిహేను రోజులకొకసారి పడే పాల బిల్లు కూడా చాలామందికి అదే ఖాతాలో పడుతున్నది. 2,000 రూపాయల విడత కోసం పోయి, మొత్తం పాల బిల్లు పోగొట్టుకునే ప్రమాదం ఇది. అనుమానం ఉంటే పి.ఎం. కిసాన్ సహాయ నంబరు 155261కు ఫోను చేయండి.

5. చెవి పోగు, టీకాలు. పశువు చెవికి వేసే 12 అంకెల పోగు, గాలికుంటు టీకా 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగానే వేస్తున్నారు. ఫోనులో రిజిస్ట్రేషను ఫీజు కట్టమంటే అది బూటకం.

6. భూమి కాగితాలు. ఈ మాట మన ప్రాంతానికి మరీ దగ్గరిది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టలు ప్రారంభమైనది మన మూడుచింతలపల్లిలోనే. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. సైటు పేరు మారిన సమయం దళారులకు మంచి అదను. పాతది పోయి కొత్తది వచ్చిందంటే జనానికి అసలు పేరు ఏదో తెలియదు. భూభారతి అసలు చిరునామా ‘భూభారతి డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్’. రాజీవ్ రహదారి పొడవునా, మేడ్చల్ హైవే పొడవునా భూమి విలువ ఎంత పెరిగిందో చెప్పనవసరం లేదు. అటువంటి చోట పాసుపుస్తకం నంబరు, ఆధారు కాపీ, సంతకం ముఖం తెలియని వారి చేతిలో పడడం ఫీజు పోవడం కంటే పెద్ద ప్రమాదం.

సైటు అసలుదైనా మధ్యలో మనిషి ఉంటే మోసం జరగవచ్చు. భూముల రిజిస్ట్రేషనుకు రైతుల దగ్గర పూర్తి సొమ్ము తీసుకొని, ప్రభుత్వానికి తక్కువ కట్టి, చలానాలో అంకెలు మార్చి చూపారన్న ఆరోపణపై 2026 జనవరిలో వరంగల్ పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. జనగామ, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో జరిగిన ఈ వ్యవహారంలో ఇంటర్నెట్ కేంద్రాలవారు, మధ్యవర్తులు ఉన్నారని పోలీసులు తెలిపారు. కనుక చేతికిచ్చిన కాగితం చూసి ఊరుకోకుండా, చలానా నంబరును అధికారిక సైటులో సరిచూసుకోవాలి.

డెయిరీ పేర్లకే ఈ బెడద తప్పలేదు. అమూల్ పార్లరు ఇప్పిస్తామని దొంగ సైట్లు పెట్టి డిపాజిట్లు వసూలు చేస్తున్నారని గుజరాతు సమాఖ్య 2020లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. పాల పార్లరు, ఏజెన్సీ కావలసినవారు డబ్బు కట్టే ముందు ఆ డెయిరీ కార్యాలయానికి స్వయంగా వెళ్ళి కనుక్కోవాలి.

చిరునామాయే మన లాక్టోమీటరు

ఇక ఎలా గుర్తించాలన్నది. గుర్తులు, రంగులు, ఫోటోలు ఎవరైనా పెట్టుకోవచ్చు. పేజీ పై భాగాన ఒక వరుసలో ఉండే చిరునామాను మాత్రం దొంగ చేయడం అంత సులభం కాదు. ‘డాట్ ఇన్’, ‘డాట్ కామ్’, ‘డాట్ ఆర్గ్’ అన్న పేర్లు డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. ‘గవ్ డాట్ ఇన్’ అన్నది మాత్రం ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. కొన్ని పాత ప్రభుత్వ సైట్లు ‘ఎన్ఐసి డాట్ ఇన్’ తో ముగుస్తాయి.

చిరునామాను చివర నుంచి వెనక్కి చదవడం నేర్చుకోవాలి. మొదట ‘హెచ్‌టిటిపిఎస్’ అని, రెండు చుక్కలు, రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. వాటిని వదిలిపెట్టండి. ఆ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. ఆ గీతకు సరిగ్గా ముందు ఏమున్నదో చూడండి. అక్కడ ఒక చుక్క, జి, ఓ, వి, మరొక చుక్క, ఐ, ఎన్ ఉంటే అది ప్రభుత్వానిది. ‘గవ్’ అన్న మాట ఎక్కడో మధ్యలో ఉండి, చివర ‘డాట్ కామ్’ ఉంటే అది ప్రభుత్వానిది కాదు. ‘గవ్’ కు ‘ఇన్’ కు మధ్య చుక్కకు బదులు అడ్డగీత ఉన్నా కాదు. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే చాలునని కొందరు చెబుతారు. అది తప్పు. తాళం దొంగవాడు కూడా వేసుకుంటాడు.

ఇంగ్లీషు అక్షరాలు రానివారు సిగ్గుపడక, బడికి వెళ్ళే పిల్లల చేత ఆ చివరి ఏడు గుర్తులు చదివించుకోవాలి. అది అర నిమిషం పని.

దీనితో పాటు ఈ జాగ్రత్తలు కూడా పాటించాలి.

– గూగుల్‌లో పేరు కొట్టి వెదకడం కంటే, చిరునామాను నేరుగా టైపు చేయడం మంచిది. ఒకసారి సరిచూసిన చిరునామాను ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోవాలి.

– డబ్బు కట్టే ముందు, ఈ పనికి ప్రభుత్వ ఫీజు ఎంత అన్న ప్రశ్న వేసుకోవాలి. ఉదాహరణకు ఆధారు కేంద్రంలో పేరు, చిరునామా వంటివి మార్చడానికి 2025 అక్టోబరు 1 నుంచి 75 రూపాయలు, వేలిముద్రలు, ఫోటో వంటివి మార్చడానికి 125 రూపాయలు నిర్ణయించారు. కొత్తగా ఆధారు తీసుకోవడం ఉచితం. ఆధారు ఉన్నవారికి ఆదాయపు పన్ను శాఖ సైటులో ఇ-పాన్ కూడా ఉచితంగానే వస్తుంది.

– డబ్బు ఎవరి పేరుకు వెళుతున్నదో చూడాలి. ఫోన్‌పే, గూగుల్‌పేలో ఒక వ్యక్తి పేరు వస్తే అక్కడనే ఆగిపోవాలి. ప్రభుత్వ ఫీజు వ్యక్తుల ఖాతాలో పడదు.

– ‘ఈ రోజే ఆఖరు’, ‘పది నిమిషాల్లో కట్టకుంటే రద్దు’ అని తొందరపెడితే అనుమానించాలి. ప్రభుత్వ కార్యాలయం మనల్ని తొందరపెట్టిన సందర్భాలు మీ అనుభవంలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

– ఫోనుకు వచ్చే సందేశాల్లో పంపినవారి పేరు చూడాలి. 2025 నుంచి ప్రభుత్వ సందేశాల పేరు చివర ఒక అడ్డగీత, దాని పక్కన ‘జి’ అన్న ఇంగ్లీషు అక్షరం ఉంటున్నది. మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చినది ప్రభుత్వ సందేశమని నమ్మవద్దు.

– ఓటీపీ, ఏటీఎం పిన్ను ఎవరికీ చెప్పవద్దు.

ఒక చిన్న వివరణ. అధికారికంగా అనుమతి పొందిన కొన్ని ఇతర సంస్థలు కూడా ఉన్నాయి. పాన్ కార్డు ముద్రించి పంపే రెండు సంస్థల సైట్లు ‘గవ్ డాట్ ఇన్’ తో ముగియవు. అటువంటి వాటికి ఆదాయపు పన్ను శాఖ సైటులో ఉన్న లింకు ద్వారానే వెళ్ళాలి. ప్రభుత్వ సైటు చూపిన దారిన వెళితే తప్పిపోము.

ఫోను చేతకానివారికి దారి

మీకు ఫోనులో చేసుకోవడం కష్టమైతే మీ సేవ కేంద్రానికి వెళ్ళండి. మీ సేవ 2011 నవంబరులో ఆనాటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలయింది. నడిపేవారు ప్రైవేటువారైనా, ఏ పనికి ఎంత తీసుకోవాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ ధరల పట్టిక చూపించమని అడగడం మీ హక్కు. రసీదు తప్పక తీసుకోవాలి. రసీదులో ఉన్న అంకె, మీరు ఇచ్చిన డబ్బు ఒకటేనా అని చూసుకోవాలి. వెన్న శాతం స్లిప్పు లేకుండా పాలు పోసి రారు కదా, రసీదు లేకుండా డబ్బు ఇచ్చి రావడం ఎందుకు?

పేరు ‘ఆన్‌లైన్ సెంటరు’ అని ఉన్న ప్రతి దుకాణమూ మీ సేవ కాదు. బోర్డు చూసి వెళ్ళండి. జిల్లా స్థాయి పని అయితే శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో జిల్లా సమీకృత కార్యాలయాలు 2022 ఆగస్టు నుంచి ఉన్నాయి. ఒక బస్సు టికెట్టు ఖర్చుతో నేరుగా అడిగి రావచ్చు.

మోసపోతే చేయవలసినది

ముందుగా 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది సైబరు నేరాల జాతీయ సహాయ నంబరు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. దొంగ ఖాతాలో సొమ్ము ఇంకా ఉండగా చెబితే దానిని ఆపించే వీలుంటుంది. రేపు చూద్దామనుకుంటే విరిగిన పాలను తోడుపెట్టినట్టే.

తరువాత మీ బ్యాంకుకు తెలిపి ఖాతాను, కార్డును నిలిపివేయించండి. మన పొరపాటు వల్ల ఓటీపీ చెప్పినా, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం ఖాతాదారునిపై పడకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కనుక ఫిర్యాదు చేసిన సమయం, ఫిర్యాదు నంబరు వ్రాసి ఉంచుకోవాలి.

డబ్బు కట్టిన రసీదు, సైటు చిరునామా, వచ్చిన సందేశాలు ఫోటో తీసి దాచండి. వాటితో ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ లో గాని, దగ్గరి పోలీసు స్టేషనులో గాని ఫిర్యాదు ఇవ్వండి. రెండవ రకం సైటుకు ఎక్కువ డబ్బు కట్టి, పని మాత్రం అయినవారు కూడా ఊరుకోకూడదు. ఆ సంగతి సంఘంలో చెబితే మరొకరు తప్పించుకుంటారు.

ఇంట్లో చెప్పడానికి భయపడవద్దని ముఖ్యంగా మహిళా సభ్యులకు చెబుతున్నాము. చాలా ఇళ్ళలో పాల ఖాతా వారి పేరుననే ఉన్నది. తిడతారని దాచిపెట్టిన ఒక్క రోజులోనే రెండవసారి, మూడవసారి డబ్బు పోయే అవకాశం ఉన్నది. ఇంటి పెద్దలు కూడా ముందు 1930కు ఫోను చేయించి, తిట్టవలసినది ఉంటే తరువాత చూసుకోవాలి.

సంఘాలకు మనవి

ఈ విషయంలో సంఘాలు చేయగలిగింది చాలా ఉన్నది. రోజుకు రెండుసార్లు ఊరంతా ఒక చోట చేరేది పాల కేంద్రంలోనే. తహసీల్దారు కార్యాలయానికి గాని, బ్యాంకుకు గాని ఆ అవకాశం లేదు.

ఒకటి, ఈ వ్యాసంలో ఇచ్చిన అసలు సైట్ల చిరునామాలను, 1930, 155261 నంబర్లను పెద్ద అక్షరాలతో వ్రాసి, పాల ధరల పట్టిక పక్కన అంటించాలి. సైట్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో కూడా వ్రాయాలి. రెండు, ఊరిలో చదువుకున్న యువకుడినో, యువతినో ఒకరిని గుర్తించి, ఎవరైనా ఆన్‌లైనులో ప్రభుత్వ ఫీజు కట్టే ముందు వారికి ఒకసారి చూపించుకొనే అలవాటు చేయాలి. మూడు, సర్వసభ్య సమావేశంలో పదిహేను నిమిషాలు ఈ అంశానికి కేటాయించి, చిరునామాను వెనక్కి చదవడం ఫోను మీద చూపించాలి. నాలుగు, సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చే పథకాల లింకులను సరిచూడకుండా ఇతరులకు పంపవద్దని కార్యదర్శులు చెప్పాలి. దొంగ లింకు ఊరిలోకి ఎక్కువగా వచ్చేది మనకు తెలిసినవారి చేతి మీదుగానే.

పాలలో నీళ్ళు కలిపినవాడిని మనం ఒకరోజు పట్టుకుంటాము, రెండవరోజు నుంచి వాడు జాగ్రత్తపడతాడు. మన ఊరిలో చిరునామా చూడకుండా ఎవరూ డబ్బు కట్టరని తెలిస్తే ఈ దళారులకు మన దగ్గర పని ఉండదు. పాలలో దళారిని తప్పించిన సంఘాలకు ఇది కొత్త పని కాదు.

అధ్యక్షులు, కార్యదర్శులు ఈ వ్యాసాన్ని సాయంత్రం పాల సేకరణ వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.